కుషన్ సంగతి తర్వాత, ముందు ఆ హ్యాండిల్ పైకి లేపండి

ఉత్తరం: అన్నగారూ, నాకు 56 ఏళ్ళు, బరువు 74 కిలోలు. రెండేళ్ళ కింద ఒక మౌంటెన్ బైక్ కొన్నాను, ముందు సస్పెన్షన్, 21 గేర్లు. రేసులు గీసులు ఏం లేవు, పొద్దున్నే చెరువు గట్టు మీద, చెట్ల మధ్య మట్టి దారిలో 10, 15 కిలోమీటర్లు మెల్లగా తిరగాలి, పిట్టల్ని చూడాలి, అంతే నా కోరిక. కానీ అరగంట దాటితే చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది, కూర్చునే చోట మంట. సీటు మీద జెల్ కవర్ వేశాను, లాభం లేక దాని మీద ఇంకోటి వేశాను. ఒకాయన పడుకుని తొక్కే సైకిల్ కొనుక్కోమంటున్నాడు, ఇంకొకాయన ముందూ వెనకా సస్పెన్షన్ ఉండాలంటున్నాడు. అసలు నాలాంటివాడికి సైకిల్ ఎలా ఉండాలి? కొత్తది కొనాలా, ఉన్నదాన్నే మార్చుకోవచ్చా?

సమాధానం: సార్, అన్నగారూ అని రాశారు గానీ వయసులో మీరే నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ముందు ఆ రెండు జెల్ కవర్లూ ఊడదీసి పక్కన పెట్టెయ్యండి. నేనూ ఒకప్పుడు ఇదే పని చేశాను, సీటు మెత్తగా ఉంటే ఒళ్ళు హాయిగా ఉంటుందని పరుపులాంటి సీటు ఒకటి వేయించుకుని పది నిమిషాలు రాజాలా తిరిగి, నలభయ్యో నిమిషంలో దిగి సైకిల్ తోసుకుంటూ ఇంటికొచ్చా. ఎందుకలా అయ్యిందో సీటు దగ్గరికి వచ్చినప్పుడు చెప్తా, ఎందుకంటే మీ అసలు జబ్బు సీటు కాదు.

మీరు చెప్పిన మూడు బాధలూ వేరే వేరే కావు, ఒకటే. మీ హ్యాండిల్ దూరంగా ఉంది, కిందికి ఉంది. దాన్ని అందుకోవడానికి మీరు ముందుకి వంగుతున్నారు, వంగితే పై ఒంటి బరువులో కొంత అరచేతుల మీద పడుతుంది, అక్కడ చిటికెన వేలు వైపు మణికట్టు దగ్గర ఒక నరం పైపైనే పోతుంటుంది, అది నొక్కుకుంటే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. ఒళ్ళు వంగింది కదా, మరి దారి కనపడాలంటే తల ఎత్తాలి, అంటే మెడ వెనక్కి విరిచి పట్టుకోవాలి, అరగంట అలా పట్టుకుంటే ఎవరి మెడైనా పట్టేస్తుంది. నడుం ముందుకి వాలినప్పుడు కూర్చునే ఎముకల మీద ఉండాల్సిన బరువు ముందున్న మెత్తటి భాగం మీదకి జారుతుంది, మీ మంట అదే. (దిగిన తర్వాత కూడా గంటల తరబడి తిమ్మిరి పోకపోతే మాత్రం సైకిల్ సంగతి తర్వాత, డాక్టర్‌కి చూపించండి.)

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చెయ్యండి. సైకిల్‌ని గోడకి ఆనించి, ఎవరినైనా పట్టుకోమని, ఎప్పుడూ కూర్చునేలాగే కూర్చుని చేతులు రెండూ హ్యాండిల్ మీంచి ఒక్క అంగుళం పైకి లేపండి. పొట్ట బిగపట్టకుండా అలాగే ఉండగలిగితే బరువు సీటు మీద ఉన్నట్టు. ముందుకి తూలిపోతే ఇన్నాళ్ళూ మీ చేతులు హ్యాండిల్ పట్టుకోవడం లేదు, మిమ్మల్ని మోస్తున్నాయి.

అలా అని మౌంటెన్ బైక్ చెడ్డదేం కాదు. రాళ్ళ దారిలో పెడల్స్ మీద లేచి నిలబడి, ఒంటి బరువు ముందుకీ వెనక్కీ మార్చుకుంటూ తొక్కేవాళ్ళ కోసం చేసింది అది, నిటారు ఎక్కుడులో ముందు చక్రం గాల్లోకి లేవకూడదని హ్యాండిల్ అలా పెట్టారు. మీరేమో కూర్చుని తొక్కే మనిషి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది "పిట్టల్ని చూడాలి" అన్న ముక్క. పిట్ట కనపడితే ఏం చేస్తారు? ఆగుతారు. అంటే మీకు కావాల్సింది బాగా వెళ్ళే సైకిల్ కంటే బాగా ఆగే సైకిల్, తల నిటారుగా పెట్టి చుట్టూ చూస్తూ, ఎక్కడంటే అక్కడ చప్పుడు చెయ్యకుండా ఆగి, కాలు కింద పెట్టి, మళ్ళీ తీరిగ్గా బయల్దేరగలిగే సైకిల్. షాపులో అమ్మేవాళ్ళు ఇలా ఆలోచించరు, ఎన్ని గేర్లు, ఎంత తేలిక, ఎంత స్పీడ్ అనే చెప్తారు.

నిటారుగా కూర్చుంటే గాలి అడ్డమొస్తుంది, తొక్కడం కష్టం అని ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెప్తారు. స్పీడుగా పోయేవాళ్ళకి అది నిజమే. గాలిని చీల్చుకుపోవడానికి పట్టే శక్తి స్పీడ్ రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది, ఆ లెక్కన గంటకి 30 కిలోమీటర్లు పోయేవాడికి గాలితో ఉన్న బాధ 12 కిలోమీటర్లు పోయే మీతో పోలిస్తే సుమారు 15 రెట్లు ఎక్కువ. వాడు వంగాలి పాపం, మీరెందుకు వంగడం? ఎదురుగాలి గట్టిగా కొట్టే రోజున కాసేపు మోచేతులు మడుచుకుంటే సరిపోతుంది.

ఇదేం కొత్తగా కనిపెట్టాల్సిన డిజైన్ కూడా కాదు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అనే సైకిల్ తెచ్చాడు, రెండు చక్రాలు ఇంచుమించు సమానంగా, చైన్ వెనక చక్రానికి, ఇప్పటి సైకిల్ రూపం అక్కడి నుంచే. దాన్ని పట్టుకుని ఇంగ్లండ్‌లో తయారైన నల్ల సైకిల్, అదే మన పెద్దవాళ్ళు తొక్కిన వెనక్కి వంగిన హ్యాండిల్ సైకిల్, ప్రపంచమంతా తిరిగింది, చైనాలో 1950లో మొదలైన ఫ్లయింగ్ పిజియన్ కూడా ఆ జాతిదే, నెదర్లాండ్స్‌లో ఆ పోలికే ఉన్న సైకిల్‌ని ఇప్పటికీ ముద్దుగా ఓమాఫీట్స్ అంటారు, అంటే అమ్మమ్మ సైకిల్ అని. వీటిలో సీటు కింది గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, హ్యాండిల్ పిడులు మన వైపుకి తిరిగి ఉంటాయి, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. దూరం ఎక్కువ కాబట్టి గుంటలో పడ్డా కుదుపు మెత్తగా తగులుతుంది, హ్యాండిల్ ఊరికే అటూ ఇటూ కొట్టుకోదు, మీరు చెట్టు వంక చూస్తుంటే అది తిన్నగా పోతుంటుంది. మీ మౌంటెన్ బైక్‌కి ఫ్రేమ్ మార్చలేం గానీ మిగతాదంతా ఈ దారిలోకి తెచ్చుకోవచ్చు, కొత్తది కొనాలా అంటే నా జవాబు ఇప్పుడే వద్దు.

హ్యాండిల్ దగ్గర మొదలుపెట్టండి, ఇక్కడ తొందరపడొద్దు. మీకు కావాల్సింది పిడులు వెనక్కి తిరిగిన హ్యాండిల్, చేతులు పక్కన వేలాడేసుకుని మోచేతులు కొంచెం మడిస్తే అరచేతులు సహజంగా ఏ వాటంలో ఉంటాయో ఆ వాటంలో పట్టుకునేది. ఇప్పుడున్న తిన్నటి కర్రలాంటిదాన్ని పట్టుకోవాలంటే మణికట్టు పక్కకి మెలిపెట్టాల్సొస్తోంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి, పిడి దగ్గర గొట్టం మందం 22.2 మిల్లీమీటర్లు ఉండాలి, అప్పుడే మీ పాత బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు దానికి ఎక్కుతాయి, రేసు సైకిల్ హ్యాండిల్స్‌కి 23.8 ఉంటుంది, అవి తెచ్చుకుంటే ఏదీ పట్టదు. మధ్యలో స్టెమ్, అంటే హ్యాండిల్‌ని పట్టుకుని సైకిల్‌కి కలిపే ముక్క, బిగించే చోట మందం వేరే, అది మీ స్టెమ్‌కి సరిపోవాలి. హ్యాండిల్ పిడులు సీటు కంటే పైకి రావాలి, మీకు నాలుగు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఎత్తుంటే బావుంటుందని నా అంచనా. దానికి స్టెమ్ మార్చడమో, పైకి లేపే ఎక్స్‌టెండర్ వెయ్యడమో చెయ్యాలి. పాత రకం, అంటే ఫ్రేమ్ లోపలికి దిగే గొట్టం ఉన్న స్టెమ్ అయితే దాని మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనపడేంత పైకి లాగకూడదు, లాగితే ఎప్పుడో ఒకరోజు హ్యాండిల్ చేతిలోకొస్తుంది.

ఇంకోటి, ఇది అందరూ మర్చిపోతారు. హ్యాండిల్ పైకి, వెనక్కి వచ్చిందంటే బ్రేక్ వైర్లు, గేర్ వైర్లు పొట్టి అయిపోతాయి. నాకు ఒక మెకానిక్ పాత వైర్లతోనే లాగి బిగించి ఇచ్చాడు, బానే ఉందనుకున్నా, మొదటి మలుపులో హ్యాండిల్ తిప్పగానే బ్రేక్ దానంతటదే పట్టేసింది, మట్టి దారి కాబట్టి మోకాలితో పోయింది. వైర్లూ వాటి తొడుగులూ పొడవువి కొత్తవి వేయించండి. బిగించాక రోడ్డెక్కకముందే హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరికి పూర్తిగా తిప్పి చూడండి, వైరు లాక్కోకూడదు, పిడి మోకాలికి తగలకూడదు.

ఇక టైర్లు. సస్పెన్షన్ అంటే స్ప్రింగులే అనుకుంటాం గానీ అన్నిటికంటే మంచి సస్పెన్షన్ గాలి. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరు చేసింది రేసుల కోసం కాదు, కొడుకు మూడు చక్రాల సైకిల్ మరీ కుదిపేస్తోందని. స్ప్రింగు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఆ రెండు కాళ్ళు, పెద్ద గుంటకి పనికొస్తుంది, గులకరాళ్ళ గరగర, గట్టిపడ్డ మట్టి మీద సన్నటి వణుకు ఉంటాయే, చేతుల్ని తినేసేవి అవే, వాటిని ఫోర్క్ పట్టించుకోదు, టైరే మింగాలి. మీకు 50 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు రెండు అంగుళాల టైర్లు ఉండాలి, మీ సైకిల్‌కి బహుశా ఇప్పటికే ఆ సైజువే ఉంటాయి కానీ ముళ్ళ ముళ్ళగా ఉంటాయి. ఆ ముళ్ళు బురదకి, జారుడు ఎక్కుళ్ళకి. గట్టి మట్టి మీద అవి చేసేది బుర్ర్‌మని శబ్దం, మీరు పిట్ట దగ్గరికి చేరేలోపు అది ఎగిరిపోవడానికి అదో కారణం. నున్నటివి లేదా సన్నటి గీతలున్నవి వేసుకోండి, పక్క గోడలు పల్చగా మెత్తగా వంగేవి దొరికితే ఇంకా మంచిది. వానకి బురదయ్యే దారైతే మాత్రం ముళ్ళ టైర్లే ఉంచుకోండి.

గాలి ఎంత? టైరు పక్కన పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని రాసిన అంకెల్లో పెద్దది ఉంటుంది చూడండి, అది అంతకు మించి కొట్టొద్దని చెప్పే హద్దు, చాలామంది అదే కొట్టాల్సిన కొలత అనుకుంటారు. పంపు పట్టుకున్న ప్రతివాడూ వేలితో నొక్కి చూసి రాయిలా అయ్యేదాకా కొడతాడు, సైకిల్ అప్పుడు రాయిలాగే నడుస్తుంది. మీ బరువుకి ఆ వెడల్పు టైరుకి వెనక 32 పీఎస్ఐ దగ్గర, ముందు 26 దగ్గర మొదలుపెట్టి రోజుకి కాస్త అటూ ఇటూ మార్చి చూడండి. మీరు కూర్చున్నప్పుడు టైరు ఎత్తులో ఓ ఆరో వంతు, ఏడో వంతు అణగాలి, అమెరికాలో ఫ్రాంక్ బెర్టో అనే ఆయన 15 శాతం అని ఒక కొలత పెట్టాడు, ఇప్పటికీ చాలామంది అదే వాడతారు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్‌కీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, పాము కాటులా, అలా పంచరైందంటే గాలి తక్కువైందని గుర్తు. గేజ్ ఉన్న పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి, మీరు కొనాల్సినవాటిలో నా లెక్కన మొదటిది ఇదే. ఇంకే మార్పూ చెయ్యకపోయినా సరే రేపు పొద్దున గాలి తగ్గించి వెళ్ళి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

సీటు. మనం కూర్చునేది కండ మీద కాదు, రెండు ఎముకల మీద. ఆ రెండూ సీటు మీద గట్టిగా ఆనితే మధ్యలో ఉన్న నరాలకీ రక్తనాళాలకీ నొక్కుడు ఉండదు. జెల్ వేశారనుకోండి, ఎముకలు అందులోకి దిగిపోతాయి, అవి దిగినప్పుడు ఆ జెల్ ఎక్కడికి పోవాలి, మధ్యలోకి ఉబ్బుతుంది, ఏ చోట నొక్కకూడదో సరిగ్గా అక్కడే నొక్కుతుంది. రెండు కవర్లు వేస్తే రెండింతలు నొక్కుతుంది. అట్టపెట్టె అట్ట, లోపల గీతలు గీతలుగా ఉండేది, ఒక ముక్క గట్టి మెట్టు మీద వేసి నిటారుగా కూర్చుని మోకాళ్ళు కొంచెం పైకెత్తి లేవండి, రెండు గుంటలు పడతాయి, వాటి మధ్య నుంచి మధ్యకి కొలవండి. నిటారుగా కూర్చునేవాళ్ళకి సీటు వెడల్పు ఆ కొలత కంటే కనీసం రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి.

ఇక్కడో మెలిక ఉంది. హ్యాండిల్ లేపాక మీ బరువంతా సీటు మీదకే వస్తుంది, చేతులు బాగుపడతాయి, నడుం మీద భారం పెరుగుతుంది. అందుకే అమ్మమ్మ సైకిళ్ళకి సీటు కింద స్ప్రింగులుంటాయి. కాబట్టి హ్యాండిల్ మార్చాకే సీటు కొనండి, ముందు కొంటే వంగి కూర్చునే మనిషికి సరిపోయే సీటు కొంటారు, మళ్ళీ మార్చాలి. వెడల్పుగా, పైన గట్టిగా, కింద స్ప్రింగులతో. తోలు సీటు అయితే కొన్ని వందల కిలోమీటర్లకి మీ ఒంటి ఆకారానికి సాగుతుంది, వానలో తడపకూడదు, ఆ సేవ చేసే ఓపిక ఉంటేనే. నూటముప్పై ఏళ్ళ కిందటే మికేల్ పెడర్సన్ అని ఒక డెన్మార్క్ మనిషి, దొరికిన సీట్లేవీ నచ్చక దారాలతో ఊయలలాంటి సీటు అల్లి, ఆ ఊయల వేలాడదియ్యడానికి వీలుగా సైకిల్ ఫ్రేమ్‌నే కొత్తగా డిజైన్ చేసుకున్నాడు, సీటు బాధ మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

సీటు ఎత్తు గురించి మీరేం రాయలేదు గానీ నా అనుమానం కిందికి దించుకుని ఉంటారు, ఆగినప్పుడు కాళ్ళు నేలకి ఆనాలని. అందరూ చేసేదే. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు తిన్నగా అవ్వాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెమే మడుస్తుంది, అదీ సరైన ఎత్తు. దించితే మోకాళ్ళ మీద భారం పెరుగుతుంది. మరి ఆ ఎత్తులో కూర్చుని పాదం పూర్తిగా నేలకి ఆనించడం మామూలు ఫ్రేమ్‌తో కుదరదు, మునివేళ్ళే ఆనతాయి, లేదా సీటు మీంచి ముందుకి దిగాలి. దీనికోసమే పెడల్స్‌ని ముందుకి జరిపిన సైకిళ్ళు వచ్చాయి, ఎలక్ట్రా వాళ్ళ టౌనీ అలాంటిదే, సీటు దింపకుండానే కాలు పూర్తిగా చాచి తొక్కొచ్చు, ఆగితే రెండు పాదాలూ చదునుగా నేల మీద. చదునైన దారికి అద్భుతం. కానీ దాని మీద లేచి నిలబడి తొక్కలేరు, ఎత్తు ఎక్కడం కష్టం, గుంటలో కుదుపు తిన్నగా వెన్నెముకకే. మీ దారిలో ఎక్కుళ్ళు లేవా, అయితే ఎప్పుడైనా ఒకటి తొక్కి చూడండి. ఎక్కుళ్ళుంటే వద్దు. కొత్తది కొనే రోజంటూ వస్తే ఇంకో మాట, లేడీస్ సైకిల్ అని నవ్వుకోకుండా మధ్యలో అడ్డగొట్టం కిందికి ఉన్నది తీసుకోండి. రోజుకి ఇరవైసార్లు ఆగి దిగే మనిషికి కాలు వెనక నుంచి తిప్పి దూకే పని లేకపోవడం ఎంత సుఖమో అరవై దగ్గరపడ్డాక అర్థమవుతుంది.

పడుకుని తొక్కేవాటి గురించి అడిగారు. సుఖమే, అబద్ధం చెప్పను, చేతుల మీద బరువు సున్నా, మెడ వాలి ఉంటుంది, వీపంతా కుర్చీలో. స్పీడు కూడా, 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన షార్ల్ మోషే చేసిన అలాంటి సైకిల్ మీద గంటలో 45 కిలోమీటర్ల పైన తొక్కి రికార్డు కొట్టేస్తే, మరుసటి ఏడాదే సైక్లింగ్ సంఘం వాళ్ళు ఇది సైకిలే కాదు పొమ్మన్నారు. కానీ అది నున్నటి రోడ్డు మనిషికి. మట్టి దారిలో చక్రం ఇసుకలో దిగబడితే ఒంటి బరువు జరిపి లాక్కురాలేరు, గుంట ముందు సీటు మీంచి లేవలేరు, మెల్లగా వెళ్తే రెండు చక్రాలదాన్ని నిలబెట్టడమే కష్టం, మూడు చక్రాలదైతే పడిపోదు గానీ సన్న బాటలో పట్టదు. పైగా కళ్ళు గడ్డి ఎత్తులో ఉంటాయి, చెరువు చూద్దామని వెళ్ళి తుంగ చూసి వస్తారు. ముందూ వెనకా సస్పెన్షన్ అన్న స్నేహితుడికి నా నమస్కారం చెప్పండి, బరువు, కీళ్ళ దగ్గర కిర్రుకిర్రు, మెయింటెనెన్స్, మీ స్పీడుకి వద్దు.

గేర్లు 21 ఉన్నా మీరు వాడేది ఐదో ఆరో, పర్లేదు, ముందు చిన్న పళ్ళ చక్రం ఉంది కదా దాన్ని సిగ్గుపడకుండా వాడండి, ఆగి బయల్దేరేటప్పుడు తేలిక గేర్ ఉంటే మోకాలికి మంచిది. అంటే ఆగబోయే ముందే గేర్ మార్చుకోవాలి, మీ రకంలో నిలబడ్డాక మారదు. హబ్, అంటే చక్రం నడిమి డబ్బా, లోపల గేర్లుండే రకం అయితే నిలబడి కూడా మార్చొచ్చు, అనుకోకుండా ఆగేవాళ్ళకి అదే వాటం, చైన్‌కి పూర్తి కవర్ కూడా వెయ్యొచ్చు, మట్టి చేరదు. ఇది తర్వాతి సైకిల్‌కి గుర్తుపెట్టుకోండి, దీనికి చెయ్యక్కర్లేదు.

చప్పుడు ఒక్కటి మాత్రం ఇప్పుడే చూసుకోండి. మడ్‌గార్డ్ బోల్టులు, క్యారియర్, బెల్, బాటిల్ స్టాండ్, ఒక్కోదాన్ని వేలితో కొట్టి చూసి గలగలలాడేదాన్ని బిగించండి, లేదా మధ్యలో పాత ట్యూబ్ ముక్క పెట్టండి. చైన్ తుడిచి నూనె వేసి మళ్ళీ తుడవండి, పైన నూనె మిగిలితే మట్టి పట్టి గరగరమంటుంది. వీపుకి బ్యాగ్ వద్దు, క్యారియర్‌కి పక్క సంచి తగిలించండి. సైడ్ స్టాండ్ మెత్తటి మట్టిలో దిగబడి సైకిల్ పడిపోతుంటుంది, దాని కాలికి చిన్న రేకు ముక్కో పాత డబ్బా మూతో బిగిస్తే దిగబడదు, ఇది నేను మూడుసార్లు సైకిల్ నీళ్ళలో పడేసుకున్నాక చేసిన పని.

ఇవన్నీ ఒకే వారంలో చెయ్యొద్దు, ఏది పనిచేసిందో తెలియదు. ఈ వారం గాలి. వచ్చే వారం హ్యాండిల్, వైర్లు. ఆ తర్వాత రెండు వారాలు ఊరికే తిరగండి, సీటు ఎత్తు సరిచేసుకోండి. అప్పటికీ కింద మంట ఉంటే అట్ట మీద ఆ రెండు గుంటల మధ్య కొలత ఎంతొచ్చిందో మిల్లీమీటర్లలో రాసి పంపండి, ఏ వెడల్పు సీటు చూడాలో చెప్తా.